వంద బాతులు, మూడు రూపాయల వడ్డీ: ఈ లెక్క కుదరదు

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లె. మావారి జీతం నెలకు 17 వేలు, ఇంటి ఖర్చు 14 వేలు. ఇద్దరు పిల్లలు. పొదుపు, చీటీ కలిపి 75 వేలు కూడబెట్టాం. పెరట్లో అయిదు సెంట్లు ఖాళీగా ఉంది, పక్కనే పంటకాలువ. వంద ఖాకీ క్యాంప్‌బెల్ బాతు పిల్లలు తెద్దామనుకుంటున్నాం, పిల్ల 45 రూపాయలు. రేకుల షెడ్డు, వల, నీటితొట్టి అన్నీ కలిపి 1.40 లక్షలవుతుందన్నారు. తక్కువపడేదానికి 75 వేలు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి ఇస్తామంటున్నారు. రోజుకు వంద గుడ్లు, గుడ్డు 8 రూపాయల చొప్పున నెలకు 24 వేలు వస్తుంది. ఏడాదిలో అప్పు తీర్చేయగలమా?

జవాబు: తీర్చలేరమ్మా. మీ ఉత్తరానికి వివరంగా జవాబు రాయడానికి కారణం ఉంది. కోళ్లు, గొర్రెలు, గేదెలు, ఏవి పెట్టాలనుకున్నవాళ్లయినా ఇదే తప్పు చేస్తున్నారు. ఉన్నదంతా షెడ్డులో పోసేస్తారు. రాబడి మొదలయ్యేదాకా ఇల్లు గడవడానికి, మేత కొనడానికి చేతిలో రూపాయి ఉండదు. అక్కడి నుంచి రెండో అప్పు మొదలవుతుంది.

ముందు మీ వంద గుడ్ల సంగతి చూద్దాం. ఆడ, మగ వేరు చేయకుండా అమ్మే పిల్లల్లో దాదాపు సగం మగవే. ఓ అయిదారు పిల్లలు పోయాయనుకుంటే మీకు మిగిలే ఆడబాతులు 47. అవీ రోజూ పెట్టవు. బాగా చూసుకుంటే నూటికి డెబ్బై, అంటే రోజుకు 33 గుడ్లు. మీ ధర ప్రకారమే నెలకు సుమారు 7,900 రూపాయలు. గుడ్లు పెట్టే బాతుకు రోజుకు 120 నుంచి 150 గ్రాముల దాణా కావాలి. 130 గ్రాములు, కిలో 30 రూపాయలనుకుంటే 47 బాతులకు నెలకు 5,500. మిగిలేది 2,400. మీ వడ్డీ 2,250! అసలు అలాగే ఉంటుంది.

ఇదంతా గుడ్లు మొదలయ్యాక మాట. పిల్ల తెచ్చిన రోజు నుంచి నాలుగున్నర, అయిదు నెలల దాకా గుడ్డు రాదు. ఇరవై వారాలకు ఒక్కో బాతు దాదాపు పన్నెండున్నర కిలోల దాణా తింటుంది. మగవాటిని పన్నెండు వారాలకే అమ్మేసినా మొత్తం 870 కిలోలు, అంటే 26 వేలు. అయిదు నెలల వడ్డీ 11,250. అప్పు కలిపి 1.50 లక్షల్లో షెడ్డు, పిల్లల ఖర్చు పోను మీ దగ్గర మిగిలేది 5,500. మగబాతుల్ని అమ్మినా ఆ మేత ఖర్చంతా రాదు. కాలువలో నత్తలు, కోసిన చేలో రాలిన గింజ దొరికితే దాణా బాగా తగ్గుతుంది, నిజమే. కానీ చేలల్లో పురుగుమందు చల్లే రోజుల్లో బాతుల్ని బయటికి వదలకూడదు, చచ్చిపోతాయి. అప్పుడు మొత్తం కొని పెట్టాల్సిందే. చుట్టుపక్కల చేపల చెరువులుంటే పక్కవాళ్లతో గొడవలు కూడా ముందే ఊహించుకోండి.

నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. పెరటి బాతుల మీద అంత రాబడి చూపించి అప్పు ఇచ్చేవాళ్ల మాట నమ్మకండి. ఈ అప్పు వద్దు. యాప్‌లో అప్పు అసలే వద్దు. బంగారం తాకట్టు కూడా దీనికి వద్దు.

మీ 75 వేలలో 56 వేలు, అంటే నాలుగు నెలల ఇంటి ఖర్చు, బ్యాంకులో విడిగా వేసి మర్చిపోండి. బాతులు చచ్చినా, మేత అయిపోయినా దాన్ని తాకకూడదు. మీవారికి జీతం ఆగినా, పిల్లలకు జబ్బు చేసినా అదొక్కటే దిక్కు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఏమైందో మీ కళ్లముందే ఉంది. వ్యాధి తేలిన చోటి నుంచి కిలోమీటరు లోపలి పక్షుల్ని చంపేస్తారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. చంపిన పక్షులకు పరిహారం వస్తుంది. అమ్ముడుపోని గుడ్లకు, ఆగిన రోజులకు రాదు. పైగా కోడిగుడ్డుకు రోజూ నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) ధర వస్తుంది, బాతుగుడ్డుకు అలాంటి ధర లేదు. కొనేవాడు చెప్పిందే ధర. ఆ 8 రూపాయలు ఎవరు, ఎన్ని నెలలు ఇస్తారో బాతు పిల్లల్ని కొనకముందే కనుక్కోండి.

మిగిలిన 19 వేలతో ముప్ఫై పిల్లలతో మొదలుపెట్టండి. పిల్లలకు 1,350, పాకకు 5 వేలు, మేతకు 8,400. మిగిలిన 4 వేలు గుడ్లు తగ్గిన రోజుల మేత కోసం పక్కన పెట్టండి. ఈకలు రాల్చేటప్పుడు గుడ్లు ఆగిపోతాయి, తిండి మాత్రం ఆగదు.

బాతులకు 1.40 లక్షల షెడ్డు అక్కర్లేదు. రాత్రిపూట ఒక్కోదానికి మూడు చదరపు అడుగులు, పగలు తిరగడానికి పది నుంచి పదిహేను చాలు. అంటే 90 చదరపు అడుగుల తాటాకు పాక. ఎండాకాలంలో రేకు కన్నా అదే చల్లన. నేల చుట్టుపక్కల కంటే అడుగు ఎత్తులో ఉండాలి. దాని మీద మూడు నాలుగు అంగుళాల ఊక. కింద రెండడుగుల గోడ, పైన సన్నకన్ను ఇనుప వల. వల అంచును అడుగు లోతున పాతకపోతే కుక్కలు తవ్వి దూరతాయి. తడి ఊకే అసలు శత్రువు. అందుకే నీళ్ల పళ్లెం పాకలో పెట్టకుండా బయట గులకరాళ్ల గుంట మీద పెట్టండి. తల ముంచి ముక్కు, కళ్లు కడుక్కునేంత లోతుంటే చాలు, ఈత కొట్టడానికి చెరువు అక్కర్లేదు.

పిల్లల్ని మొదటి వారం 30 డిగ్రీల దగ్గర ఉంచి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించండి. బల్బు కింద గుంపుగా పోగైతే చలి వేస్తున్నట్టు, దూరంగా జరిగి నోళ్లు తెరిస్తే వేడి ఎక్కువైనట్టు. తల్లి లేని పిల్లల్ని నెల లోపు కాలువలోకి వదిలితే ఈకలు తడిసి చలికి చనిపోతాయి. మేత తడిపి పెట్టండి, పొడి దాణా గొంతుకు అడ్డం పడుతుంది. బూజు పట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న చౌకగా వచ్చినా తేవద్దు. ఆ బూజులో ఉండే అఫ్లాటాక్సిన్ అనే విషానికి బాతులు కోళ్ల కంటే త్వరగా చనిపోతాయి. మూడు నాలుగు వారాలకు కలరా టీకా, ఎనిమిది నుంచి పన్నెండు వారాల మధ్య డక్ ప్లేగు టీకా పశువైద్యశాలలో అడిగి వేయించండి.

గుడ్లు దాదాపు అన్నీ తెల్లవారి తొమ్మిది లోపే పెడతాయి. తొమ్మిదయ్యాకే పాక తలుపు తీయండి, లేకపోతే గుడ్లు కాలువ పాలు. మూడు బాతులకు ఒక గూడు: అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, అడుగున్నర లోతు.

ముప్ఫై పిల్లల నుంచి రోజుకు పది గుడ్ల కన్నా ఎక్కువ ఆశించకండి. మేత పోను నెలకు ఏడెనిమిది వందలు మిగిలితే మంచిదే. ఏడాది పాటు మేత, గుడ్లు, చావులు పుస్తకంలో రాసుకోండి. లెక్క బాగుంటే ఆ పుస్తకం పట్టుకుని బ్యాంకుకు వెళ్లి, పశుపోషణ కిసాన్ క్రెడిట్ కార్డు అడగండి. సమయానికి కడితే వడ్డీ 4 శాతానికి పడుతుంది. అది మేత లాంటి నడుపు ఖర్చులకే సుమా, షెడ్డుకు కాదు. మీవారి పేరున ఏడాదికి 436 రూపాయల జీవనజ్యోతి జీవిత బీమా, 20 రూపాయల సురక్షా ప్రమాద బీమా లేకపోతే బాతు పిల్లల్ని కొనే ముందే కట్టించండి.