నడిసంద్రంలో గాలి వేగం ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: తుపాను తీరానికి 500 కిలోమీటర్ల దూరంలో ఉండగానే గాలి వేగం చెప్పేస్తారు. అక్కడ కొలిచేదెవరు? ఫోన్ యాప్‌లో అంకె వేరేగా ఎందుకుంటుంది?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: చాలాసార్లు ఎవరూ కొలవరు. ఉపగ్రహ చిత్రాల్లో మేఘాల తీరు చూసి లెక్కగడతారు. అట్లాంటిక్‌లోనైతే అమెరికా విమానాలు తుపానులోకే వెళ్లి, పారాచూట్ కట్టిన పరికరాలను జారవిడుస్తాయి. బంగాళాఖాతంలో అలాంటి విమానాలు మామూలుగా తిరగవు. దారిలో ఓడో, కొలత పరికరాలతో నీటిపై తేలే బోయో పడితే అదృష్టమే.

ఆధారం 1970ల్లో అమెరికా శాస్త్రవేత్త వెర్నన్ డ్వొరాక్ రూపొందించిన పద్ధతి. మన ఇన్సాట్ ఉపగ్రహ చిత్రంలో ముందు తుపాను కేంద్రాన్ని పట్టుకుంటారు. దాని చుట్టూ మేఘాల పట్టీ ఎంతమేర చుట్టుకుందో పదో వంతుల్లో కొలుస్తారు. సగం చుట్టు తిరిగితే, తుపాను బలాన్ని చెప్పే ‘టీ’ సంఖ్య 2.5. అంటే 35 నాట్లు, గంటకు సుమారు 65 కిలోమీటర్లు: తుపాను. పూర్తి చుట్టుకు 3.5, అంటే 55 నాట్లు, సుమారు 100 కిలోమీటర్లు: తీవ్ర తుపాను. నడుమ మేఘాలు లేని ‘కన్ను’ ఏర్పడ్డాక లెక్క మారుతుంది. కన్ను ఎంత వెచ్చగా, చుట్టూ మేఘాల పైభాగం ఎంత చల్లగా ఉంటే తుపానుకు అంత బలం.

పొరపాటుకు మొదటి కారణం కేంద్రం సరిగా దొరక్కపోవడం. రాత్రిపూట పరారుణ చిత్రాల్లో పైన పరుచుకున్న మంచు మేఘాలు దాన్ని కప్పేస్తాయి. పైగాలులు బలంగా ఉంటే మేఘాలు ఒకవైపు, సుడి మరోవైపు ఉంటాయి. కేంద్రం తప్పితే పట్టీ కొలతా తప్పుతుంది. ‘టీ’ సంఖ్యలో అర తేడా వచ్చినా గాలి వేగం గంటకు 20 కిలోమీటర్ల దాకా మారిపోతుంది. మైక్రోవేవ్ చిత్రాలు పైమేఘాల కింది వాన పట్టీలను చూపిస్తాయి. అయితే వాటిని తీసే ఉపగ్రహాలు రోజుకు కొన్నిసార్లే అటుగా వెళ్తాయి. కాబట్టి బులెటిన్‌లో ‘80–90, ఈదురుగాలులు 100’ అని ఉంటే, దాన్ని అంచనాగానే చదవాలి.

ఇక యాప్ సంగతి. మన వాతావరణ శాఖ చెప్పేది 3 నిమిషాల సగటు. చాలామంది పంచుకునే అమెరికా సైన్యపు కేంద్రం జేటీడబ్ల్యూసీ లెక్క 1 నిమిషం సగటు. వ్యవధి తగ్గితే అంకె పెరుగుతుంది; యాప్ ఆ లెక్క చూపితే తేడా అందుకే. ఎవరో తక్కువ చేసి చెబుతున్నారని కంగారుపడొద్దు.

ప్రశ్న: విశాఖ, మచిలీపట్నంలో రాడార్లున్నాయి కదా, ఉపగ్రహాన్నే ఎందుకు నమ్ముకోవాలి?
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: భూమి గుండ్రంగా ఉండటం వల్ల. అర డిగ్రీ కోణంలో పైకి పంపిన రాడార్ కిరణం 250 కిలోమీటర్లు వెళ్లేసరికి సముద్రానికి దాదాపు 6 కిలోమీటర్ల పైన ఉంటుంది. కింది గాలులు దానికి అందవు. తుపాను దగ్గరికొచ్చాక మాత్రం రాడార్‌ను మించింది లేదు. పది నిమిషాలకోసారి కన్ను ఎటు జరిగిందో చూపిస్తుంది. అయితే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు అక్కడి రాడారే దెబ్బతింది.