దుప్పటి మీద లెక్క

గుంటూరు,
సోమవారం రాత్రి

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. రెండోసారి కోపంగా.

కరోనా వార్డులో నాన్న దుప్పటి అంచు మడతపెట్టి, వేలు నాలిక్కి తడి చేసుకుంటూ నోట్లు లెక్కపెట్టినట్టు లెక్కపెడతాడే, అక్కడ కాగితాలు పక్కన పెట్టి కాసేపు వసారాలో కూర్చున్నాను. అది కళ్లారా చూసిందే. మరి తర్వాతి పేజీలో అదే మనిషి జీవితం గురించి ఒకటిన్నర పేజీ ఉపన్యాసం దంచాడేం? మతి చెదిరి సంధి కొట్టిన మనిషి ఉపన్యాసం ఇవ్వడమ్మా. ముక్కలు ముక్కలుగా మాట్లాడతాడు, అడిగిందే అడుగుతాడు.

2021 మేలో నేనూ తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాను. పక్క మంచం ఆయన తర్వాత చెప్పాడు, రాత్రంతా "షట్టర్ వేశారా?" అని అడిగానట. మాకు కొట్టే లేదు! పొద్దున మా ఆవిడ ఫోన్ నంబరు తప్పు లేకుండా చెప్పి, దీపాలు పెట్టే వేళకి మళ్లీ మాస్క్ పీకేసేవాణ్ణట. ఆక్సిజన్ పడిపోవడం, జ్వరం, నిద్ర లేకపోవడం, మత్తుమందులు, పీపీఈ కిట్లలో ఎవరి మొహమూ కనపడకపోవడం, అన్నీ కలిస్తే బుర్ర అలా అవుతుందని డాక్టరుగారన్నారు. ఆ షట్టర్ ముక్క కథలో అలాగే పెట్టి పంపితే, ఒక ఎడిటరుగారు "తలుపులన్నీ మూసుకుపోయాయి" అని దిద్ది అచ్చేశారు. అందంగా ఉందట! ఆ రోజుల్లో అందరికీ పాజిటివ్ కథలే కావాలి లే. నాకింకా మింగుడు పడలేదు. రోగి మాట దిద్దే హక్కు ఆయనకూ లేదు, నీకూ లేదు.

ఇక నీ డాక్టరు. చికాగోలో ఆసుపత్రుల్లో చేరిన 509 మందిలో 82 శాతానికి నరాల లక్షణాలు కనిపించాయని అప్పజెబుతాడు. అంకె సరైనదే, 2020 నాటిది. అందులో తలనొప్పి, ఒళ్లునొప్పులు, రుచి పోవడం కూడా కలిపారు. మతి చెదిరింది దాదాపు ముగ్గురిలో ఒకరికి. కానీ బెజవాడ వార్డులో, కిట్ లోపల చెమటతో తడిసిపోయిన డాక్టరు ఈ లెక్కలన్నీ చెబుతాడా? "కంగారు పడకండి, ఇది మామూలే" అని పక్క బెడ్డుకి పోతాడు.

వాసన పోయిన నీ హీరోయిన్ మన మిర్చి యార్డులో చుక్క కన్నీరు లేకుండా నిలబడటం మరీ విడ్డూరం. వాసన పట్టే నరం వేరు, ఘాటు పట్టే నరం వేరు. నాకు ఇంగువ డబ్బా ముక్కుకి ఆనించుకున్నా ఏమీ తెలిసేది కాదు. ఎండుమిరపకాయ పోపులో పడితే మాత్రం తుమ్ములే తుమ్ములు. వాసన లేని తుమ్ము! రాయాల్సింది అది కదూ?

ఏ పత్రికకి పంపాలన్నావు. తర్వాత చూద్దాం.

కథలో నాన్న మీ నాన్నగారేనేమో, అడగను. ఆ ఉపన్యాసం కొట్టేసి, ఆ రాత్రి ఆయన నిజంగా ఏమన్నారో రాసి పంపు. ఒక్క ముక్కయినా సరే. ఆ నోట్లు ఎంత దాకా వచ్చి లెక్క తప్పేవో కూడా.