యాసను వెక్కిరించి వెలివేస్తున్నారు, కాలేజీ మారవచ్చా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతున్నాను. నోరు తెరిస్తే చాలు, మా యాసను అనుకరిస్తూ నవ్వుతారు. ల్యాబ్‌లో జట్టులో చేర్చుకోరు. తరగతి వాట్సాప్ గ్రూపు నుంచి తీసేశారు. ఆదివారాలు ఒక్కదాన్నే బీచ్‌కు వెళ్లి కూర్చుని వస్తున్నాను. వేరే కాలేజీకి మారతానంటే, నాలుగేళ్ల ఫీజు కడితేనే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తామంటున్నారు. ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: అమ్మా, టీసీకి దరఖాస్తు ఇంకా పెట్టకపోతే ఆగండి. ‘సొంత కారణాలతో వెళ్తున్నాను’ అని మీ చేతితో రాసిచ్చాక, జరిగినదాన్ని తర్వాత ఎంత చెప్పినా బలం తగ్గుతుంది.

కొత్తచోట స్నేహాలు కుదరకపోతే చట్టం చేయగలిగేది లేదు. మీకు జరుగుతున్నది అది కాదు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2009 ర్యాగింగ్ నిరోధక నిబంధనలను 2016లో సవరించారు. ప్రాంతం, భాష, పుట్టిన ఊరు, కులం, ఆర్థిక స్థితి వంటి కారణాలతో తోటి విద్యార్థిని మానసికంగా వేధించడం, వెలివేయడం కూడా అప్పటి నుంచి ర్యాగింగే. చేసినవారు సీనియర్లే కానక్కరలేదు. మన రాష్ట్రంలో 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం తోటి విద్యార్థిని ఆటపట్టించి అవమానిస్తే ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు.

అయినా మొదటి అడుగే పోలీసు స్టేషన్ వైపు వేయమని నేను చెప్పను. తేదీలతో జరిగినవన్నీ రాసుకోండి, గ్రూపు నుంచి తీసేసిన స్క్రీన్‌షాట్ దాచుకోండి. కాలేజీ ర్యాగింగ్ నిరోధక కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రెండో ప్రతిపై ముద్ర వేయించుకోండి. వారు తీసుకోకపోతే జాతీయ ర్యాగింగ్ నిరోధక హెల్ప్‌లైన్ 1800-180-5522కు ఫోను చేయండి. ఒక మాట మనసులో పెట్టుకోండి: విశాఖ కోర్టుల్లో సాక్షులు రోజూ మీ యాసలోనే చెబుతారు. ఎవరూ నవ్వరు. ఆ మాటలను సాక్ష్యంగా రాసుకుంటారు.

ఇక సర్టిఫికెట్లు. ఒరిజినల్స్ పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలనీ, అట్టిపెట్టుకోకూడదనీ 2018 యూజీసీ నోటిఫికేషన్ స్పష్టంగా చెబుతోంది. ప్రవేశాల చివరి తేదీ దాటి 30 రోజులు గడిచాయి కాబట్టి, ఈ ఏడాది కట్టిన ఫీజు వెనక్కి వస్తుందని మాత్రం ఆశపెట్టుకోవద్దు. మిగతా మూడేళ్ల ఫీజు కోసం సర్టిఫికెట్లను తాకట్టు వస్తువుల్లా బిగబట్టడం వేరే సంగతి, అది తప్పు. ఏడాదికి మించి ముందస్తు ఫీజు వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది. అయితే మధ్యలో మానేస్తే మిగతా ఫీజు కడతామని బాండు రాయించుకోవడానికి అదే తీర్పు వీలిచ్చింది. చేరేటప్పుడు మీ నాన్నగారు అలాంటి కాగితంపై సంతకం చేశారేమో ముందు అడగండి. మీ కేసు చాలావరకు ఆ జవాబు మీదే ఆధారపడుతుంది.

సర్టిఫికెట్లు ఇవ్వకపోతే యూజీసీ 2023 నిబంధనల కింద కాలేజీలోని విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి రాయండి. 15 పనిదినాల్లో అది నివేదిక ఇవ్వాలి. నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు, అంటే విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారికి, అప్పీలు చేసుకోవచ్చు.

కాలేజీ మారడం మాత్రం హక్కు కాదు. రెండు కాలేజీల అంగీకారం, అక్కడ మీ బ్రాంచిలో ఖాళీ సీటు, విశ్వవిద్యాలయం అనుమతి కావాలి. మామూలుగా రెండో ఏడాది మొదట్లో ఇది కుదురుతుంది. అందుకే ఎంత బాధగా ఉన్నా ఈ ఏడాది పరీక్షలు, హాజరు వదలకండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంటే, మారాక కొనసాగుతుందో లేదో ముందే కనుక్కోండి.

లాయరు ఫీజు గురించి దిగులు వద్దు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా మహిళలందరికీ ఉచిత సాయం అందుతుంది. 15100కు ఫోను చేయండి, లేదా విశాఖలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఫిర్యాదు నకలు, ఫీజు రసీదులు తీసుకుని వెళ్లండి. ఆదివారాల ఒంటరితనం మరీ భారమైతే, ఏ వేళలోనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోను చేయండి. అక్కడ తెలుగులోనే మాట్లాడతారు.