అమ్మ చీటీలో ‘డిజార్డర్’ అని రాశారు, భయంగా ఉంది

ప్రశ్న: నాన్న పోయాక అమ్మను హిందూపురం నుంచి బెంగళూరు తెచ్చుకున్నాం. వచ్చిన దగ్గర్నుంచి సరిగ్గా తినదు, నిద్రపోదు, ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. సైకియాట్రిస్ట్‌కి చూపిస్తే ‘ఎఫ్43.2, ? అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్, ఆర్/ఓ డిప్రెషన్, క్రానిక్ హెచ్‌టీఎన్, ఇన్‌సైట్ ప్రెజెంట్’ అని రాసి, నిద్రకి ఓ మాత్ర ఎస్‌ఓఎస్ అన్నారు. అడగడానికి మొహమాటపడ్డాను. నెట్‌లో చూస్తే టెన్షన్ ఇంకా పెరిగింది. అత్తగారు వాళ్ళు పిచ్చి అనుకుంటారేమోనని చీటీ దాచేశాను. అమ్మకి అసలేమైంది?
– ఓ కూతురు, మారతహళ్లి

జవాబు: ముందు ఆ చీటీ బయటికి తీయండమ్మా, అందులో దాచాల్సిందేమీ లేదు.

డిజార్డర్ ముందున్న ప్రశ్నార్థకం చూశారా? ఇప్పటికి ఇలా అనిపిస్తోంది, ఇంకా తేల్చలేదు అని దాని అర్థం. ఆర్/ఓ అంటే రూల్ అవుట్. డిప్రెషన్ ఉందని కాదు, ఉందో లేదో చూసి తేల్చుకోవాలని డాక్టరు పెట్టుకున్న గుర్తు. చాలామంది దీన్ని కూడా ఉన్న జబ్బుల్లో కలిపేసుకుని రాత్రంతా కుమిలిపోతారు, మీరూ అదే చేశారనుకుంటాను.

భర్త పోవడం, ఊరు వదలడం లాంటి పెద్ద దెబ్బ తగిలినప్పుడు మనసు తట్టుకోలేక, తిండీ నిద్రా దెబ్బతినేంతగా కుంగిపోతే దాన్ని అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్ అంటారు. సాధారణంగా ఆరు నెలల్లోపు సర్దుకుంటుంది. అదే రెండు వారాలకు పైగా, రోజులో ఎక్కువసేపు దిగులుగానో దేనిమీదా ఆసక్తి లేకుండానో ఉండి, దానికి తోడు నిద్ర, ఆకలి, ఏకాగ్రత కూడా పోతే డిప్రెషనేమో అని చూస్తారు. రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టే డాక్టరు తొందరపడలేదు, అది మంచి డాక్టరు లక్షణం.

ఎఫ్43.2 అనేది ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పాత జబ్బుల జాబితాలో (ఐసీడీ-10) దీనికిచ్చిన నంబరు. మనసుకీ ప్రవర్తనకీ సంబంధించినవన్నీ అందులో ఎఫ్‌తోనే మొదలవుతాయి, పొగాకు అలవాటుకి కూడా ఎఫ్17 అని ఒకటుంది. హెచ్‌టీఎన్ అంటే బీపీ, క్రానిక్ అంటే ముదిరిందని కాదు, చాలాకాలంగా ఉందని. ఇక ఇన్‌సైట్ ప్రెజెంట్ మంచి కబురు, తనకి బాగాలేదని అమ్మగారికి తెలుసన్నమాట.

ఎస్‌ఓఎస్ దగ్గర మాత్రం జాగ్రత్త. అవసరమైతేనే వేయమని, రోజూ వేయమని కాదు. నిద్రమాత్రల్లో కొన్ని అలవాటైపోతాయి, పెద్దవాళ్ళు అవి వేసుకుని రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు తూలి పడతారు కూడా. ఎలాంటప్పుడు వేయాలో, వారంలో ఎన్నిసార్లు మించకూడదో డాక్టర్ని అడిగి చీటీ మీదే రాయించుకోండి.

ఇంకో మాట. అమ్మగారికి కన్నడం రాకపోతే డాక్టరుకి మీరే చెప్తుంటారు కదా? ఆవిడ ‘గుండె బరువుగా ఉంది, ఒళ్ళంతా మంటలు’ అంటే మీరు దాన్ని ‘డిప్రెస్డ్‌గా ఉన్నారు’ అని మార్చి చెప్పకండి. ఆవిడ అన్నది అన్నట్టే చెప్పండి. గుండె బరువంటే దిగులూ కావచ్చు, బీపీ ఉన్న మనిషి కాబట్టి గుండె జబ్బూ కావచ్చు. ఆ తేడా పట్టుకోవడం డాక్టరు పని, పేరు పెట్టే పని మీరు నెత్తిన వేసుకోకండి. తెలుగు వచ్చిన డాక్టర్లు బెంగళూరులో బాగానే దొరుకుతారు, కాసేపు మీరు బయట కూర్చుని అమ్మగారిని ఒక్కరినే మాట్లాడనివ్వండి. కూతురి ముందు చెప్పలేనివి కొన్ని ఉంటాయి.

‘నేను మాత్రం ఎందుకు బతకాలి’ లాంటి మాట వస్తే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ఒంటరిగా వదలొద్దు, అదే రోజు తీసుకెళ్ళండి. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ అనే మానసిక వైద్యశాల ఉంది, ఎమర్జెన్సీ ఏ వేళైనా చూస్తారు. ఊరికే మాట్లాడాలనిపించినా 14416కి ఫోన్ చేయొచ్చు, అది ప్రభుత్వం నడిపే టెలి మానస్, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. అమ్మగారే కాదు, మీరూ చేయొచ్చు.