కాళ్ళలోకి దిగిన రక్తం మళ్ళీ గుండెకు ఎలా చేరుతుంది?

గుంటూరు పట్నం బజారులో బట్టల దుకాణంలో పనిచేసే మీ అమ్మగారికి సాయంత్రానికి రెండు పాదాలూ ఉబ్బుతున్నాయనీ, ఈసీజీ, ఎకో, మూత్రపిండాల పరీక్షలు అన్నీ బాగానే వచ్చాయనీ, డాక్టరుగారు నిలబడటం తగ్గించి నడక పెంచమన్నారనీ రాశారు. గుండె బాగానే ఉన్నప్పుడు అది కాళ్ళలోని రక్తాన్ని పైకి ఎందుకు లాగుకోలేకపోతోంది, రోజంతా నిలబడి అలసిన కాళ్ళను ఇంకా నడిపించడం దేనికి అన్నది మీ ప్రశ్న. నేను విజయవాడలో ఇంటర్మీడియట్ బైపీసీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. నిలబడి పాఠం చెప్పే వృత్తి కనుక మీ అమ్మగారి ఇబ్బందిలో కొంత నాకూ వచ్చింది, స్కానింగూ చికిత్సా కూడా జరిగాయి. అందువల్ల పాఠంగా తెలిసినదీ, ఒంటి మీదికి వచ్చి తెలిసినదీ కలిపి చెబుతాను.

గుండె రక్తాన్ని నెడుతుంది. లాగుకోవడం దాని పనిలో చాలా చిన్న భాగం. గుండెలో కింది ఎడమ గది అయిన ఎడమ జఠరిక ముడుచుకున్న ప్రతిసారీ సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం మహాధమనిలోకి వెళుతుంది. నిమిషానికి 72 సార్లు అనుకుంటే అది దాదాపు 5 లీటర్లు, అంటే ఒంట్లో ఉన్న రక్తమంతా నిమిషంలో ఒక చుట్టు తిరిగినంత. బయలుదేరేటప్పుడు ఆ రక్తానికి 120 మిల్లీమీటర్ల పాదరసమంత ఒత్తిడి ఉంటుంది. సన్నని ధమనికల గుండా దూరి వెళ్ళడంలోనే అందులో ఎక్కువ భాగం ఖర్చయిపోయి, గుండె నుంచి వచ్చే ధమనులనూ గుండెకు తిరిగి వెళ్ళే సిరలనూ కలిపే సన్నని కేశనాళికల్లో ప్రవేశించేసరికి సుమారు 35, బయటికి వచ్చేసరికి 15 మిగులుతుంది. గుండెలో పై కుడి గది అయిన కుడి కర్ణిక చేరే చోట అది దాదాపు సున్నా. తిరుగు ప్రయాణానికి గుండె ఇచ్చే దారిబత్తెం ఆ 15 మాత్రమే. పడుకున్న మనిషికి అది సరిపోతుంది.

నిలబడితే లెక్క మారుతుంది. గుండె నుంచి పాదం దాకా దాదాపు 4 అడుగుల ఎత్తున రక్తం బరువు కిందికి పడుతుంది కనుక, కదలకుండా నిలబడిన మనిషి పాదంలోని సిరలో ఒత్తిడి 90 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. ఆ 90ని ఈ 15 ఎలా ఎదిరిస్తుందని ప్రతి సంవత్సరం ఎవరో ఒక విద్యార్థి అడుగుతాడు. తప్పకుండా అడగవలసిన ప్రశ్న అది. అదే బరువు ధమనుల్లోనూ కిందికి ఒత్తుతూ ఉంటుందన్నది దానికి జవాబు. దిగే వైపు ఎంత కలిసి వస్తుందో, ఎక్కే వైపు అంతే అడ్డుపడుతుంది. రెండూ చెల్లుకు చెల్లు. రక్తనాళాలు సాగని గట్టి గొట్టాలే అయి ఉంటే, మనిషి నిలబడినా పడుకున్నా గుండెకు ఒకటే శ్రమ. కానీ సిరల గోడలు పలుచనివి, మెత్తనివి. లోపల ఒత్తిడి పెరిగితే అవి సాగుతాయి, సాగిన చోట రక్తం నిలుస్తుంది. ఏ క్షణంలో చూసినా మన రక్తంలో ఇంచుమించు మూడింట రెండు వంతులు సిరల్లోనే ఉంటుంది. మంచం మీంచి లేచి నిలబడగానే సుమారు అర లీటరు, ఒక్కొక్కప్పుడు అంతకంటే ఎక్కువ, ఛాతీ నుంచి కాళ్ళలోకీ పొత్తికడుపులోకీ జారుతుంది. మీరు రాసిన దాన్నిబట్టి మీ అమ్మగారి ఇబ్బంది గుండె బలానికి సంబంధించినది కాదు, ఇలా జారి నిలిచిపోయే రక్తానికి సంబంధించినది.

గుండె తనకు అందిన రక్తాన్నే పంపగలదు. జఠరిక ఎంత నిండితే దాని కండరం అంత సాగుతుంది, ఒక హద్దు వరకు ఎంత సాగితే అంత గట్టిగా ముడుచుకుంటుంది. ఈ సూత్రం మొదట జర్మనీలో ఒట్టో ఫ్రాంక్ 1895లో చేసిన ప్రయోగాల నుంచీ, ఆ తరువాత ఇంగ్లండులో ఎర్నెస్ట్ స్టార్లింగ్ చేసిన ప్రయోగాల నుంచీ వచ్చింది. తిరిగి వచ్చే రక్తం తగ్గితే ఎంత ఆరోగ్యమైన గుండె అయినా తక్కువే పంపుతుంది. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి క్యూలైన్లలో దీన్ని కళ్ళారా చూడవచ్చు. మా కళాశాల ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలతో మంచినీళ్ళ సేవకు వెళ్ళినప్పుడు, ముఖ్యంగా రద్దీ ఎక్కువగా ఉండే మూలా నక్షత్రం రోజున, కదలడానికి చోటు లేక చాలాసేపు ఒకే చోట నిలబడినవాళ్ళలో ఎవరో ఒకరు ముఖం పాలిపోయి, చెమటలు పట్టి, కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయంటూ కూలబడతారు. వాళ్ళలో చాలామంది ఉపవాసం ఉండి, నీళ్ళు కూడా సరిగా తాగకుండా వచ్చినవాళ్ళు. చుట్టూ ఉన్నవారు కంగారుపడి చంకల కింద చేతులు వేసి నిలబెట్టబోతారు. అది చేయకూడదు. వెల్లకిలా పడుకోబెట్టి రెండు కాళ్ళూ ఎత్తి పట్టుకుంటే, కాళ్ళలో నిలిచిన రక్తం గుండెకు చేరి, అక్కడి నుంచి మెదడుకు అంది, సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లోనే పెదవులకు రంగు వచ్చి మనిషి మాట్లాడతాడు. అలా తేరుకోకపోయినా, ఛాతీలో నొప్పి ఉందన్నా వెంటనే వైద్య శిబిరానికి చేర్చాలి.

జారిన రక్తం తిరిగి పైకి ఎక్కడానికి మొదటి సాయం కవాటాలది. కాళ్ళలోని సిరల లోపల కొద్ది కొద్ది దూరంలో రెండేసి పలుచని రేకులు ఉంటాయి. రక్తం గుండె వైపు వెళ్ళేటప్పుడు అవి గోడకు అంటుకుని దారి ఇస్తాయి, వెనక్కి రాబోతే రెండూ కలిసి మూసుకుంటాయి. ఇటలీలోని పాడువాలో ఫాబ్రిషియస్ వీటిని శ్రద్ధగా పరిశీలించి బొమ్మలు వేయించాడు కానీ, కాళ్ళకూ చేతులకూ రక్తం మరీ ఉధృతంగా పోకుండా నిదానింపజేయడానికే ఇవి ఉన్నాయనుకున్నాడు. ఆయన దగ్గర చదువుకున్న విలియం హార్వే, అవి ఒక్క దిక్కుకే, గుండె వైపుకే దారి ఇస్తున్నాయని గ్రహించాడు. అప్పటి వైద్యుల నమ్మకం ప్రకారం రక్తం కాలేయంలో తయారవుతూ, శరీర భాగాల్లో ఖర్చయిపోతూ ఉంటుంది. గుండె అరగంటలో పంపే రక్తమే శరీరంలో ఉన్న మొత్తం రక్తం కంటే ఎక్కువ అవుతుందని హార్వే లెక్క కట్టాడు. తిన్న తిండి నుంచి అంత రక్తం పుట్టడం అసాధ్యం కనుక ఉన్న రక్తమే మళ్ళీ మళ్ళీ తిరుగుతోందని 1628లో ప్రకటించాడు. ధమనుల నుంచి సిరల్లోకి పోయే దారిని మాత్రం ఆయన చూడలేకపోయాడు. ఆయన మరణించిన నాలుగేళ్ళకు, 1661లో, మార్సెల్లో మాల్పీగి కప్ప ఊపిరితిత్తుల్లో సూక్ష్మదర్శినితో ఆ కేశనాళికలను చూశాడు.

హార్వే చేసి చూపిన పరీక్షను మీరు ఇంట్లోనే చేయవచ్చు. మోచేతికి పైన మెత్తని గుడ్డను ఓ మోస్తరు బిగువుగా కట్టి పిడికిలి బిగిస్తే ముంజేతి మీద సిరలు తేలతాయి. వాటి మీద అక్కడక్కడ కనిపించే చిన్న బుడిపెలే కవాటాలున్న చోట్లు. ఒక సిర మీద మణికట్టు వైపు ఒక వేలు నొక్కి ఉంచి, రెండో వేలితో అక్కడి నుంచి మోచేతి వైపు రక్తాన్ని తోస్తూ ఒక బుడిపెను దాటించి, ఆ రెండో వేలు తీసేయండి. పైన సిర నిండుగానే ఉన్నా, బుడిపెకూ మొదటి వేలికీ మధ్య భాగం మాత్రం ఖాళీగా, చదునుగా ఉండిపోతుంది. మొదటి వేలు ఎత్తగానే కింది నుంచి నిండుతుంది. కట్టు ఒకటి రెండు నిమిషాలకు మించి ఉంచవద్దు. నేను ఈ పాఠాన్ని బొమ్మతో మొదలుపెట్టను, ఈ పరీక్షతోనే మొదలుపెడతాను. తమ చేతి మీదే రుజువు కనిపించినప్పుడు పిల్లల ముఖాల్లో కలిగే ఆశ్చర్యం నాకు ప్రతి ఏడూ కొత్తగానే ఉంటుంది.

కవాటాలు రక్తాన్ని వెనక్కి రాకుండా ఆపుతాయి, అంతే. పైకి నెట్టేది పిక్క. కాలిలోని రక్తంలో అధిక భాగాన్ని మోసే లోతు సిరలు పిక్క కండరాల మధ్య నుంచే పోతాయి. అడుగు వేసినప్పుడు కండరం బిగిసి ఆ సిరలను నొక్కుతుంది, కిందికి పోనీయకుండా కవాటాలు మూసుకుంటాయి, రక్తం పైకి పోతుంది. కండరం వదులైనప్పుడు పైపై సిరల నుంచీ పాదం నుంచీ రక్తం వచ్చి ఆ ఖాళీని నింపుతుంది. వీధి చివరి చేతిపంపులో వాషరు నీటిని కిందికి జారకుండా పట్టి ఉంచడం వల్ల పిడి కొట్టిన ప్రతిసారీ నీరు ఇంకొంత పైకి వచ్చినట్టే ఇది కూడా. పాదంలోని సిరలో నిలబడినప్పుడు 90 ఉన్న ఒత్తిడి, కొన్ని అడుగులు వేసేసరికి 30కి, అంతకంటే కిందికి కూడా పడిపోతుంది. ఆగి నిలబడితే, కవాటాలు బాగా ఉన్నవారిలో, మళ్ళీ పాత స్థాయికి పెరగడానికి 20 సెకన్లకు పైగా పడుతుంది. డాక్టరుగారు నడవమన్నది ఇందుకే. నిలబడి ఉన్న కాలు విశ్రాంతిగా ఉందని మనం అనుకుంటాం కానీ, దాని సిరలకు అది అన్నిటికంటే కష్టమైన స్థితి.

ఇక వాపు సంగతి. కేశనాళికల గోడల గుండా కొంత ద్రవం ఎప్పుడూ బయటి కణజాలంలోకి ఊరుతూ ఉంటుంది. లోపలి ఒత్తిడి దాన్ని బయటికి నెడుతుంది, రక్తంలోని ద్రవ భాగమైన ప్లాస్మాలో ఉండే ఆల్బుమిన్ మొదలైన ప్రొటీన్లు దాన్ని లోపల పట్టి ఉంచడానికి ప్రయత్నిస్తాయి, మిగిలిపోయినదాన్ని శోషరస నాళాలు (లింఫ్ నాళాలు) సేకరించి మెడ దగ్గర మళ్ళీ సిరల్లో కలుపుతాయి. సిరల్లో ఒత్తిడి గంటల తరబడి ఎక్కువగా ఉంటే ఊరేది పెరిగిపోయి, శోషరస నాళాలు అందుకోలేని ద్రవం పాదంలో, చీలమండ చుట్టూ చేరుతుంది. వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉండేది ఆ ద్రవం వల్లే. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్ళలో ఇది ఇంకా పెరగడానికి కారణం, ఒంటి వేడిని బయటికి పంపడానికి చర్మంలోని రక్తనాళాలు వెడల్పు కావడం.

నా విషయంలో లోపం కవాటాల్లోనే బయటపడింది. ఎడమ పిక్క మీద సిరలు వంకర్లు తిరిగి తేలడంతో రక్తం ఎటు పారుతోందో చూపించే డాప్లర్ స్కాన్ చేశారు. నన్ను నిలబెట్టి, తొడ లోపలి వైపు జెల్ రాసి ప్రోబ్ ఆనించి, డాక్టరుగారు చేత్తో పిక్కను ఒక్కసారి పిండి వదిలారు. పిండినప్పుడు తెర మీద సిర ఒక రంగుతో వెలిగింది, అంటే రక్తం పైకి పోయింది. వదలగానే చీకటి కావలసిన ఆ చోటు రెండో రంగుతో నిండి చాలాసేపు అలాగే ఉంది, అంటే రక్తం కిందికి కారుతోంది. ఇలా వెనక్కి కారడం అర సెకనుకు మించితే కవాటం పాడైనట్టు లెక్క. ఎన్నో ఏళ్ళుగా పాఠంలో చెప్పిన విషయాన్ని నా కాలిలోనే చూసిన ఆ కొద్ది క్షణాలు నాకు ఏ పుస్తకమూ ఇవ్వని స్పష్టతను ఇచ్చాయి. ఆ పైసిరను లోపలి నుంచి లేజరుతో మూసివేశారు. ఒక సిరను మూసేస్తే రక్తం ఎటు పోతుందని భయపడనవసరం లేదు. లోతు సిరలు సక్రమంగా ఉన్నాయని చూసుకున్నాకే ఆ పని చేస్తారు.

ఊపిరి సాయం గురించి కూడా ఒక మాట. గాలి పీల్చినప్పుడు ఛాతీ లోపల ఒత్తిడి తగ్గుతుంది, ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరం, ఉదరవితానం, కిందికి దిగి పొట్టలో ఒత్తిడి పెంచుతుంది. ఆ తేడా వల్ల పొట్టలోని రక్తం మహాసిర గుండా ఛాతీలోకి వస్తుంది. నెమ్మదిగా, లోతుగా పీల్చే ఊపిరి ఈ రకంగా కాళ్ళకూ మేలు చేస్తుంది.

మీ అమ్మగారు దుకాణంలో చేయగలిగినవి చెబుతాను. గిరాకీ లేనప్పుడు కౌంటరు పట్టుకుని మడమలు పైకెత్తి దించడం, ఇలా ఒక పదిహేను ఇరవై సార్లు. అటూ ఇటూ నాలుగడుగులు వేయడం. స్టూలు మీద కూర్చున్నా పాదాలు ఆడిస్తూ ఉండడం. ఇంటికి వచ్చాక కాసేపు పడుకుని, కాళ్ళు గుండె కంటే ఎత్తులో ఉండేలా దిండ్ల మీద పెట్టుకోవడం. పిక్కల దాకా వచ్చే బిగువు సాక్సులు బాగా పనిచేస్తాయి కానీ, వాటిని పొద్దున వాపు రాకముందే వేసుకుని రాత్రి తీసేయాలి. కాళ్ళ ధమనుల్లో రక్తప్రసరణ తక్కువగా ఉన్నవారికి అవి హాని చేస్తాయి కనుక, ముఖ్యంగా షుగరు ఉంటే, డాక్టరుగారు పాదం మీద నాడి చూసి సరేనన్నాకే కొనండి. ఆవిడ బీపీకి ఆమ్లోడిపిన్ మాత్ర వాడుతున్నారేమో కూడా చూడండి. అది ధమనికలను వెడల్పు చేస్తుంది కనుక కొందరికి పాదాల వాపు వస్తుంది. అనుమానం ఉంటే డాక్టరుగారిని అడగాలే తప్ప మాత్రను సొంతంగా ఆపకూడదు.

రాత్రి పడుకుని లేచినా వాపు తగ్గకపోయినా, ముఖం కూడా ఉబ్బుతున్నా, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తున్నా గుండె, మూత్రపిండాలు, కాలేయం పరీక్షలు మళ్ళీ చేయించాలి. ఒక్క కాలు మాత్రమే హఠాత్తుగా ఉబ్బి, పిక్కలో నొప్పి, వేడి కనిపిస్తే లోతు సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించాలి. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణాపాయం. మన ఇళ్ళలో కాలు నొప్పి అనగానే నూనె రాసి పిసుకుతారు. అలాంటి కాలిని పిసకకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళండి, ఆయాసమో ఛాతీ నొప్పో కూడా ఉంటే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.