జీర్ణకోశ వ్యాధులు గుర్తుండేదెలా?

ప్రశ్న: ఎంబీబీఎస్ చదువుతున్నాను. పరీక్షల్లో, పేగుల్లో దీర్ఘకాలిక వాపు, పుండ్లు తెచ్చే అల్సరేటివ్ కొలైటిస్‌కూ, క్రోన్స్ వ్యాధికీ తేడా రాయడంలో తడబడుతున్నాను. ఎలా చదవాలి?
– ఒక విద్యార్థిని, కావలి, నెల్లూరు జిల్లా

జవాబు: పట్టికను బట్టీ పట్టకండి; పేగు బొమ్మ గీసి, పుండు ఎక్కడ మొదలై ఎంత లోతుకు పోతుందో దానిమీదే గుర్తించండి. అల్సరేటివ్ కొలైటిస్ పురీషనాళంలో (పెద్దపేగు చివరి భాగంలో) మొదలై, మధ్యలో ఖాళీ వదలకుండా పెద్దపేగు వెంట పైకి పాకుతుంది, సాధారణంగా లోపలి పొరలు దాటదు. రక్త విరేచనాలు అందుకే. క్రోన్స్ నోటి నుంచి మలద్వారం వరకు ఎక్కడైనా, మధ్యమధ్య ఆరోగ్యకరమైన భాగాలను వదులుతూ వస్తుంది. పేగు గోడ మొత్తాన్నీ తొలుస్తుంది కాబట్టే ఫిస్టులాలు (పేగు నుంచి పక్క అవయవాలకో, చర్మానికో పడే అసహజ దారులు) ఏర్పడతాయి, పేగు ఇరుకవుతుంది.

మన దేశంలో పేగు క్షయను మరవకూడదు. అదీ చిన్నపేగు చివర అచ్చం క్రోన్స్‌లాగే కనబడుతుంది. బయాప్సీలో (పేగు ముక్క తీసి చేసే పరీక్షలో) కేసియేషన్‌తో కూడిన గ్రాన్యులోమాలుంటే (మధ్యలో జున్నులా చితికిన కణాల గడ్డలుంటే) క్షయవైపే మొగ్గాలి. క్షయను క్రోన్స్‌గా పొరబడి రోగనిరోధక శక్తిని తగ్గించే స్టెరాయిడ్లు ఇస్తే జబ్బు ముదురుతుంది కనుక, ఈ సంగతి లేని జవాబు నా దృష్టిలో అసంపూర్ణమే.