ఫ్లింట్ మొక్కజొన్న అంటే ఏంటి? కోళ్ళ దాణాకి ఎక్కువ రేటు పెట్టి కొనాలా?

మీరు అడిగింది ఇదీ: ఆనందపురం దగ్గర నాటుకోళ్ళు పెంచుతున్నారు, దాణాకి మొక్కజొన్న కొనబోతే వ్యాపారి "ఇది ఫ్లింట్ సరుకు, రేటు ఎక్కువే" అన్నాడు. అది కంపెనీ రకమా, పాప్‌కార్న్ గింజ అదేనా, కోళ్ళకి మంచిదా అని.

కంపెనీ పేరు కాదండీ, ఫలానా విత్తనం పేరు కూడా కాదు. గింజ లోపల ఎలా ఉందో చెప్పే మాట. ఫ్లింట్ అంటే చెకుముకి రాయి. గింజ అంత గట్టిగా, నున్నగా ఉంటుందని ఆ పేరు పెట్టారు. మాది కంచరపాలెం వైపు పిండి మర. మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఫ్లింట్ అనరు, "గట్టి గింజ" అంటారు. ఆ మాట ఎక్కువగా విత్తనాల వాళ్ళు, దాణా వ్యాపారులు వాడతారు.

తేలిగ్గా తెలియాలంటే ఎండు గింజ ఒకటి తీసుకుని బ్లేడుతో నిలువునా చీల్చండి. అడుగున ఉండేది మొలక, దాన్ని వదిలేయండి. మిగతా భాగంలో అంచుల వెంట గాజులా మెరిసే పొర, నడుమ సుద్దలాంటి తెల్లపిండి కనిపిస్తాయి. గాజు పొర మందంగా ఉండి, నెత్తిని కూడా కప్పేసి, తెల్లపిండి నడుమ కొంచెమే మిగిలితే అది ఫ్లింట్. తెల్లపిండి నెత్తి దాకా పాకి ఉంటే అది డెంట్ (అంటే సొట్ట) అనే ఇంకో రకం. పొత్తు ఎండేటప్పుడు మెత్తటి పిండి ఎక్కువ కుంచించుకుపోతుంది, పక్కల గట్టి పొర అంతగా లొంగదు. అందుకే డెంట్ గింజ నెత్తిన సొట్ట పడుతుంది, ఫ్లింట్ గింజ గుండ్రంగానే ఉంటుంది. రంగు చూసి మాత్రం చెప్పలేం. ఫ్లింట్‌లో పసుపు, తెలుపు, ఎరుపు అన్నీ ఉన్నాయి.

అయితే బస్తాలో చెయ్యి పెడితే పక్కా ఫ్లింట్, పక్కా డెంట్ అని విడిగా దొరకవు. అమెరికాలో విరివిగా పండే డెంట్ కూడా అక్కడి ఉత్తరాది ఫ్లింట్‌నీ దక్షిణాది డెంట్‌నీ కలపగా వచ్చిందే. మన హైబ్రిడ్లలోనూ సెమీ ఫ్లింట్ అని రాసినవి చాలా ఉంటాయి, అంటే నడిమి రకాలన్నమాట. కాబట్టి వ్యాపారి "ఫ్లింట్" అన్నప్పుడు, గింజ గట్టి వైపుకి ఉంది అని మాత్రమే అర్థం చేసుకోండి.

ఈ తేడా బాగా బయటపడేది మరలోనే. గట్టి గింజ పోస్తే రాళ్ళ చప్పుడే మారిపోతుంది, పిండి కూడా త్వరగా వేడెక్కుతుంది. రవ్వ ఆడిస్తే జల్లెడ మీద గరుకుగా, పలుకులు పలుకులుగా నిలబడుతుంది. మెత్తటి గింజైతే సగం పిండై కిందకి జారిపోతుంది. ఇటలీ వాళ్ళు పోలెంటా అనే రవ్వ సంకటికి ఇలాంటి గట్టి గింజనే ఇష్టపడతారు. మొక్కజొన్న రవ్వతో ఉప్మా చేసుకునేవాళ్ళు నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టినా దండగ కాదు. పిండికైతే అనవసరం.

పాప్‌కార్న్ సంగతి. అది ఫ్లింట్ కుటుంబానిదే, కానీ ప్రతి ఫ్లింట్ గింజా పేలదు. గింజ చిన్నగా, పైతొక్క దిట్టంగా ఉండి, లోపల తేమ సుమారు 14 శాతం ఉంటేనే ఆవిరి లోపల బిగిసి ఒక్కసారిగా పగులుతుంది. దాణా గింజని మూకుట్లో వేస్తే ఏవో ఒకటి రెండు పేలి, మిగతావి మాడతాయి. ఆర్కే బీచ్‌లో బొగ్గుల మీద కాల్చి నిమ్మచెక్క రుద్ది ఇచ్చే పొత్తుకీ దీనికీ పోలిక పెట్టకండి. పాలగింజ దశలో కోసిన పొత్తు ఏ రకమైనా మెత్తగానే ఉంటుంది. స్వీట్‌కార్న్ పూర్తిగా వేరు. అందులో చక్కెర పిండిగా సరిగ్గా మారదు, అందుకే ఎండితే గింజ ముడతలు పడిపోతుంది.

ఇక మీ కోళ్ళు. నా మాటైతే, దాణాకి ఫ్లింట్ అని అదనంగా ఇవ్వకండి. గట్టి గింజకి పురుగు కాస్త ఆలస్యంగా పడుతుంది, అది నిజమే. అంతమాత్రాన పట్టకుండా పోదు, అందులోనూ మన సముద్రపు గాలికి. పచ్చసొన రంగు బాగుంటుందని చెబుతారు గానీ, ఆ రంగు గింజలోని పసుపు నుంచి వస్తుంది, గట్టిదనం నుంచి కాదు. తెల్ల ఫ్లింట్ పెడితే ఆ రంగు రాదు.

మీరు అడగాల్సింది తేమ. 14 శాతం దాటితే నిల్వకి పనికిరాదు. మీటరు పెట్టి చూపించమనండి, ఏం మొహమాటపడకండి. బస్తా పైన ఉన్న గింజలు కాదు, మధ్య నుంచి గుప్పెడు తీయించి వాసన చూడండి. ముక్క వాసన వచ్చినా, మొలక దగ్గర పచ్చగానో నల్లగానో బూజు కనిపించినా, సగం రేటుకిచ్చినా వద్దు. ఆ బూజు విషం కోళ్ళ కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఎండబెట్టినా వేయించినా పూర్తిగా పోదు. ఫ్లింటే తీసుకుంటే, కోడిపిల్లలకి మాత్రం నూకగా ఆడించి వేయండి. పెద్ద కోళ్ళు గింజ మింగినా వాటి కందనకాయే నలుపుకుంటుంది.